పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్ళకు మొదటి మూడు నెలలు: బరువు ఎంత పెరగాలి, కడుపు ఎందుకు ముందే కనిపిస్తుంది

ఎత్తు ఐదడుగుల లోపు, బరువు నలభై, నలభై ఐదు కిలోల దగ్గర ఉన్న అమ్మాయి నెల తప్పితే మా తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళల్లో రెండు రకాల మాటలు వినబడతాయి. "ఇంత పీలగా ఉండావు, బిడ్డను ఎట్లా మోస్తావు మే, ఇద్దరికి సరిపడా తిను" అని ఒకరు. "పొట్టిదానివి, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై ఆపరేషనే, కొంచెం తగ్గించుకో" అని ఇంకొకరు. ఒక్కోసారి రెండూ ఒకే వంటింట్లో, ఒకే పూట. ప్రేమతో చెప్పే మాటలే, కానీ మొదటి మూడు నెలలకు రెండూ పనికిరావు, రెండోదైతే నిజంగా నష్టం చేస్తుంది. నేనూ ఆ ఎత్తు మనిషినే, ఇద్దరు పిల్లల తల్లిని. తెలిసిన అమ్మాయిలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక్క మాట పట్టుకోండి. మీ లెక్క మీ ఒంటి దగ్గర మొదలవ్వాలి. ఆడపడుచు మూడో నెలకు ఎంత పెరిగింది, పక్కింటామె కడుపు ఎప్పుడు కనిపించింది అన్నది మీకు అక్కర్లేదు. ఆమె 162 సెంటీమీటర్లు, 60 కిలోలు అయ్యుండొచ్చు. మీరు 148 సెంటీమీటర్లు, 43 కిలోలు. ఒకే కిలో పెరిగినా, ఒకే కిలో తగ్గినా ఇద్దరి ఒంట్లో దాని విలువ వేరు.

ముందు మూడు అంకెలు రాసి పెట్టుకోండి

టెస్టులో రెండు గీతలు కనిపించిన వారంలోనే చేయాల్సిన పని ఇది. మీ ఎత్తు, నెల తప్పకముందు ఉన్న బరువు, ఈ రోజు బరువు. పాత బరువు గుర్తు లేకపోతే ఈ రోజు బరువునే మొదటి అంకెగా పెట్టుకోండి, ఆరేడు వారాల లోపయితే పెద్ద తేడా ఉండదు.

ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు విప్పండి, క్లిప్పు తీసేయండి. మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడి, తల మీద ఒక అట్ట పుస్తకం అడ్డంగా పెట్టించి, దాని కింద గోడ మీద పెన్సిల్‌తో గీత గీయించి, టేపుతో కొలవండి. పొడవైన మనిషికి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పర్వాలేదు, మనకు మాత్రం లెక్క మారిపోతుంది. బరువు పొద్దున లేచి, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీ టిఫిన్లకు ముందు చూసుకోండి. మిషన్‌ను చాప మీదో కార్పెట్ మీదో కాకుండా గట్టి నేల మీద పెట్టండి, ప్రతిసారీ అదే నైటీ, అదే మిషన్. బస్టాండులో బిళ్ళ వేసే మిషన్లో ఒకసారి, అంగన్‌వాడీలో ఒకసారి, క్లినిక్‌లో చెప్పులతో ఒకసారి చూసుకుని "వారంలో కిలోన్నర పెరిగాను" అని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. వారానికి ఒక్కసారి చాలు. రోజూ చూస్తే ముందురోజు ఊరగాయ ఎక్కువ తిన్నా, మోషన్ కాకపోయినా అరకిలో అటూ ఇటూ కదులుతుంది, దాన్ని చూసి మీరు లేనిపోని కంగారు పడతారు.

ఇప్పుడు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె. బరువును (కిలోల్లో) ఎత్తుతో (మీటర్లలో) రెండుసార్లు భాగించాలి, అంతే. 150 సెంటీమీటర్లు, 40 కిలోలు ఉన్న అమ్మాయికి 40ని 1.5తో భాగిస్తే 26.7, మళ్ళీ 1.5తో భాగిస్తే 17.8. 18.5 కంటే తక్కువ కాబట్టి ఇది తక్కువ బరువు. 148 సెంటీమీటర్లు, 45 కిలోలకు 20.5 వస్తుంది, సరిగ్గా ఉన్నట్టు. 150 సెంటీమీటర్లు, 58 కిలోలకు 25.8, ఇది ఎక్కువ బరువు కిందికి పోతుంది. ఈ మూడో అంకె చూసి చాలామంది నమ్మరు, ఎందుకంటే చూడ్డానికి ఆమె చిన్న మనిషే, ఇంట్లో అందరూ "ఏముందిలే ఆ పాపలో" అనే అంటారు. పొట్టిగా ఉండటం, తక్కువ బరువు ఉండటం ఒకటి కాదు. అందుకే కళ్ళతో చూసి తేల్చకుండా లెక్క వేయమంటున్నాను.

మొత్తం తొమ్మిది నెలలకూ కలిపి ఎంత పెరగాలన్నది ఈ బీఎంఐని బట్టే ఉంటుంది. 18.5 కంటే తక్కువుంటే 12.5 నుంచి 18 కిలోలు. 18.5 నుంచి 25 లోపు అయితే 11.5 నుంచి 16. 25 నుంచి 30 లోపు అయితే 7 నుంచి 11.5. ఇవి అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన అంకెలు. మన దేశంలో బీఎంఐ 23 దాటితేనే ఎక్కువ బరువు అంటారు కాబట్టి 23, 25 మధ్యలో ఉన్నవాళ్ళను డాక్టర్ కింది అంకె వైపు ఉండమనొచ్చు. ఓపీలో హడావిడిగా "పది పన్నెండు కిలోలు పెరగాలమ్మా" అని అందరికీ ఒకే మాట చెప్పేస్తుంటారు, మీరు మీ బీఎంఐ చెప్పి "నాకెంత మేడమ్?" అని అడగండి.

పొట్టివాళ్ళ గురించి ప్రత్యేకంగా ఒక విషయం. అదే సంస్థ 1990లో ఇచ్చిన పాత సూచనల్లో 157 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్నవాళ్ళు కింది అంకె దగ్గరే ఆగాలని ఉండేది. 2009లో దాన్ని తీసేశారు. అంటే ఎత్తు తక్కువని బరువు కూడా తక్కువే పెరగాలన్న రూలు ఇప్పుడు లేదు. పాత మాట ఇంకా తిరుగుతూనే ఉంది కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది.

మొదటి మూడు నెలల్లో అరకిలో నుంచి రెండు కిలోలు

అవును, అంతే. 12 వారాలు నిండేసరికి అరకిలో పెరిగినా సరిపోతుంది, రెండు కిలోలు పెరిగినా సరిపోతుంది. అసలు పెరగకపోయినా, వేవిళ్ళతో ఒక కిలో తగ్గినా చాలామందికి ఏమీ కాదు, నాలుగో నెల నుంచి సర్దుకుంటుంది. ఎందుకంటే 12 వారాలకు బిడ్డ నిమ్మకాయంత పొడవు, ఐదారు సెంటీమీటర్లు, బరువు 15 గ్రాముల దగ్గర. ఆ బిడ్డకోసం ఇద్దరి అన్నం తినాల్సిన పని లేదు. ఈ నెలల్లో పెరిగే బరువులో ఎక్కువ భాగం మీ ఒంట్లో పెరిగే రక్తం, నీరు, రొమ్ములు, గర్భసంచి. రక్తం ఆరేడు వారాల నుంచే పెరగడం మొదలై, చివరికొచ్చేసరికి మామూలు కంటే దాదాపు సగం ఎక్కువవుతుంది.

నాలుగో నెల నుంచి లెక్క మారుతుంది, అది చివర్లో చెప్తాను. ఇప్పుడు సన్నటివాళ్ళు తప్పకుండా గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఇంకోటుంది: మొదటి బరువులో 5 శాతం. వాంతుల వల్ల అంతకంటే ఎక్కువ తగ్గితే దాన్ని మామూలు వేవిళ్ళుగా చూడరు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. 60 కిలోల మనిషికి 5 శాతం అంటే 3 కిలోలు. 42 కిలోల మనిషికి 2.1 కిలోలు. 38 కిలోలైతే 1.9. అందుకే మీరు రెండు కిలోలు తగ్గారని చెప్పినప్పుడు "ఆ, నేను మూడు కిలోలు తగ్గాను, ఏం కాలేదు" అని ఎవరైనా అంటే ఆ మాట మీకు వర్తించదు. ఈ రోజే మీ బరువును 0.95తో గుణించి వచ్చిన అంకెను ఫోన్లోనో క్యాలెండర్ మీదో రాసి పెట్టుకోండి. మిషన్ ఆ అంకె కిందికి చూపిస్తే ఆలోచించకుండా వెళ్ళడమే. అంకె రాకముందే కూడా, తాగిన నీళ్ళు సైతం నిలవకపోతే, మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే, ఎనిమిది గంటలైనా మూత్రమే రాకపోతే ఆగొద్దు. ఒకట్రెండు రోజులు సెలైన్ పెడితే తేలిగ్గా బయటపడే సంగతి ఇది, "వేవిళ్ళేలే, అందరికీ ఉండేవే" అని వారాలు లాగితే మాత్రం చిన్న ఒళ్ళు తొందరగా నీరసించిపోతుంది.

రెండోవైపు, మూడు నెలల్లోనే నాలుగైదు కిలోలు పెరిగినవాళ్ళూ ఉంటారు. వికారం తగ్గుతుందని పూట పూటకూ బిస్కెట్లు, బన్ను, జ్యూస్, పూర్తిగా మంచానికే పరిమితం కావడం, ఇవి ఎక్కువగా కనిపించే కారణాలు. 150 సెంటీమీటర్ల మనిషి ఐదు కిలోలు పెరిగితే బీఎంఐ 2.2 పెరుగుతుంది, 165 సెంటీమీటర్ల మనిషికి అదే ఐదు కిలోలకు 1.8. కాబట్టి మనకు ఇది కొంచెం ముందుగానే పట్టించుకోవాల్సిన విషయం. అలాగని డైటింగ్ మొదలుపెట్టకండి, ఈ సమయంలో బరువు తగ్గించే ప్రయత్నం వద్దు. చక్కెర ఉన్నవి తగ్గించండి, థైరాయిడ్, షుగర్ టెస్టులు అయ్యాయో లేదో చూసుకోండి. మన దేశంలో గర్భిణులకు షుగర్ పరీక్ష మొదటి విజిట్‌లోనే చేయాలి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు, 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే షుగర్ ఉన్నట్టు. మామూలుగా వస్తే 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేస్తారు. సన్నగా ఉన్నాం కదా మనకెందుకని ఈ పరీక్ష దాటేయకండి.

"మూడో నెలకే ఇంత కడుపా, కవలలేమో"

ఈ మాట పడని పొట్టి అమ్మాయి ఉండదు. కవలలో కాదో స్కాన్‌లో తెలుస్తుంది, కడుపు చూసి కాదు. 12 వారాల వరకు గర్భసంచి కటి ఎముకల మధ్య లోపలే ఉంటుంది. 12 వారాలకు ఆ ఎముక పై అంచు దాకా వస్తుంది, 16 వారాలకు ఆ అంచుకూ బొడ్డుకూ మధ్యలో, 20 వారాల దగ్గర బొడ్డు దాకా వస్తుంది. కాబట్టి ఏడెనిమిది వారాలకే మీకు కనిపించే కడుపు బిడ్డది కాదు, చాలావరకు గ్యాస్, కదలని పేగు. ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పేగుల కదలికను నెమ్మది చేస్తుంది, తిన్నది నిలవుంటుంది, మలబద్ధకం వస్తుంది, పొట్ట ఉబ్బుతుంది. మన పక్కటెముకలకూ తుంటికీ మధ్య దూరం తక్కువ, లోపల ఉబ్బినదానికి పైకి పోవడానికి చోటు లేక ముందుకే వస్తుంది. సన్నటి పొట్ట మీద అంగుళం పెరిగినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఏది గ్యాసో ఏది నిజంగా పెరుగుతున్న కడుపో తెలుసుకోవడానికి మీ లంగా బొందు చాలు. పొద్దున లేవగానే ఎప్పటి ముడి దగ్గరే బొందు సరిపోయి, సాయంత్రానికి అదే ముడి నడుంలోకి దిగిపోయి ఎర్రటి గాడి పడుతుంటే, మళ్ళీ పొద్దునకు సర్దుకుంటుంటే అది ఉబ్బరమే. పొద్దునపూట కూడా ముడి వదులు చేయాల్సి వస్తే, పడుకుని పొత్తికడుపు మీద చెయ్యి పెడితే బొడ్డుకు బాగా కింద గట్టిగా తగులుతుంటే అప్పుడు గర్భసంచి పైకొస్తోందని అర్థం. మామూలుగా ఇది 12 వారాల తర్వాత. రెండో కాన్పుకు పొట్ట కండరాలు ముందే సాగి ఉంటాయి కాబట్టి ఇంకా ముందే కనిపిస్తుంది. కొందరికి, ముఖ్యంగా మొదటిసారి గర్భం వచ్చి పొట్ట కండరాలు బిగువుగా ఉంటే, ఐదో నెల దాకా ఏమీ కనిపించదు. అదీ మామూలే, దానికి బెంగ పెట్టుకోవద్దు. కడుపు ముందుకొస్తే మగబిడ్డ, పక్కలకు పెరిగితే ఆడబిడ్డ అన్నదానికి ఏ ఆధారమూ లేదు.

బొందు బిగించి కడుపు దాచుకోవడం మాత్రం వద్దు. బిడ్డకేదో అవుతుందని కాదు, గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు పెరుగుతాయి, నడుం దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. లంగాకు బొందు తీసి వెడల్పాటి ఎలాస్టిక్ వేయించుకోండి, ఏ టైలరైనా కుట్టిస్తాడు. మెటర్నిటీ బట్టలు ఇప్పుడే కొనకండి. పొట్టివాళ్ళకు షాపులో దొరికేవి భుజాల దగ్గర జారిపోతాయి, చేతులు పొడుగైపోతాయి, పైగా ఐదో నెలకు మీ ఒళ్ళు ఎటు పెరుగుతుందో ఇప్పుడు తెలియదు. బ్రా మాత్రం ఇప్పుడే మార్చాల్సి వస్తుంది. ఒళ్ళంతా అలాగే ఉండి రొమ్ములు మాత్రం ఒకటి రెండు సైజులు పెరగడం మొదటి రెండు నెలల్లోనే మొదలవుతుంది. నొప్పి, బరువు, నీలపు నరాలు తేలడం, మొన చుట్టూ నలుపు పెరగడం, ఆ నల్లటి భాగంలో చిన్న చిన్న బొడిపెలు లేవడం, ఇవన్నీ మామూలు. కింద వైరు లేని కాటన్ బ్రా, బ్యాండు వదులుగా ఉన్నది తీసుకోండి, రాత్రి నొప్పి ఉంటే మెత్తటిది వేసుకునే పడుకోండి.

మాటిమాటికీ మూత్రం రావడం, విపరీతమైన నిద్ర, చిగుళ్ళ నుంచి కొంచెం రక్తం, దగ్గినా తుమ్మినా పొత్తికడుపు పక్కన చటుక్కున లాగడం కూడా ఈ నెలల్లో వచ్చేవే. మూత్రం మాటిమాటికీ రావడంతో పాటు మంట ఉంటే మాత్రం ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించుకోవాలి. కడుపు మధ్యలో నల్లగీత, ముఖం మీద మంగు మచ్చలు సాధారణంగా నాలుగైదు నెలల తర్వాత సంగతి.

బీపీ గురించి ఒక జాగ్రత్త. ఈ నెలల్లో రక్తనాళాలు వదులై బీపీ కొంచెం తగ్గుతుంది. ముందే బీపీ తక్కువగా ఉండే సన్నటివాళ్ళకు లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. మంచం మీద నుంచి ఒకేసారి లేవకుండా కాసేపు కూర్చుని లేవండి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంటుంది, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పనులు పెట్టుకోకండి, ఉప్పేసిన పలచటి మజ్జిగ సీసా బ్యాగులో ఉండాలి. కొండకు పోవాలనుకుంటే డాక్టర్ ఒప్పుకుంటే పోవచ్చు, కానీ ఘాట్ రోడ్డు మలుపుల్లో వికారం రెట్టింపవుతుంది. ఖాళీ కడుపుతో ఎక్కకండి, కిటికీ పక్క ముందు సీటు అడగండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. నడకకు బాగా అలవాటు ఉన్నవాళ్ళకైనా ఈ మూడు నెలలూ నడిచి ఎక్కొద్దనే నేను చెప్తాను. ఒంట్లో నీళ్ళు తగ్గి, వాంతులు కూడా తోడైతే సగం దారిలో ఎవరు చూస్తారు? మొక్కు ఉంటే బిడ్డ పుట్టాక తీర్చుకోవచ్చు, స్వామి ఎక్కడికీ పోడు.

ఏం తినాలి, ఎలా తినాలి

ముందు ఆ "తగ్గించి తిను" మాట సంగతి తేల్చుకుందాం. పొట్టివాళ్ళకు తుంటి ఎముక ఇరుకుగా ఉండొచ్చు, సిజేరియన్ అవకాశం కొంచెం ఎక్కువ, అది నిజమే. 140 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువ ఎత్తున్నవాళ్ళను మొదటి కాన్పుకు హై రిస్క్ కింద రాసి, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రిలో కాన్పు చేయించుకోమని ప్రభుత్వ వైద్యమే చెప్తుంది. కానీ తల్లి తిండి తగ్గిస్తే తుంటి ఎముక వెడల్పు కాదు. తల్లి రక్తహీనతతో నీరసించిపోతుంది, బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టే ప్రమాదం, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం పెరుగుతాయి. బిడ్డ ఎంత ఉంది, తల ఎలా దిగుతోంది, దారి సరిపోతుందా అన్నది చివరి వారాల్లో, కాన్పు నొప్పుల్లో డాక్టర్ చూసి తేల్చే విషయం. రెండో నెలలో సంగటి ముద్ద సగం చేసి తేల్చేది కాదు. మీ అత్త ఈ మాట అంటే ఆమెతో వాదన పెట్టుకోకుండా తర్వాతి చెకప్‌కు ఆమెను వెంట తీసుకెళ్ళండి, డాక్టర్ నోటితోనే చెప్పించండి. ఇది బాగా పనిచేస్తుంది.

మొదటి మూడు నెలలకు బీఎంఐ బాగున్నవాళ్ళు ఎప్పటి తిండే, నాణ్యంగా తింటే చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో రోజుకు 350 క్యాలరీలు అదనంగా కావాల్సింది నాలుగో నెల నుంచే. బీఎంఐ 18.5 లోపు ఉన్నవాళ్ళు మాత్రం వికారం ఒప్పుకున్నంత వరకు ఇప్పటి నుంచే రోజుకొక పూట అదనంగా కలపడం మంచిది: ఒక గుడ్డు, లేదా పిడికెడు చెనక్కాయలు బెల్లంతో, లేదా నెయ్యి వేసిన పప్పన్నం.

చిన్న మనిషికి తొందరగా కడుపు నిండిపోతుంది, పైగా ఇప్పుడు అరుగుదల నెమ్మది. మూడు పూటలా కంచం నిండా పెట్టుకుంటే వాంతే గతి. రెండు, రెండున్నర గంటలకొకసారి కొంచెం కొంచెం తినండి. తలగడ పక్కన డబ్బాలో బొరుగులు పెట్టుకుని, పొద్దున కళ్ళు తెరవగానే లేవకముందే గుప్పెడు నమిలి, పావుగంట ఆగి లేవండి. నీళ్ళు తిండితో పాటు కాకుండా మధ్య మధ్యలో తాగండి. తాలింపు వాసన పడకపోతే వంట ఆ నెల ఇంకెవరైనా చేస్తే బాగు, అలా కుదరకపోతే వంట చేసి కిటికీలు తెరిచి, ఆరిన తర్వాత తినండి, చల్లారిన అన్నానికి వాసన తక్కువ. ఇడ్లీ, పెరుగన్నం, నిమ్మకాయ పిండిన చారు, చల్లటి రాగి జావ ఎక్కువమందికి నిలుస్తాయి. రాగి సంగటి ముద్ద వాంతులున్నప్పుడు బరువుగా అనిపిస్తుంది, అప్పటికి జావకు మారి, తగ్గాక ముద్దకు రండి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మన ఇంట్లో ఉన్నదాన్ని వదిలి డబ్బాల పొడులకు పోవాల్సిన పని లేదు.

ప్రోటీన్ లెక్క కూడా ఒంటి బరువును బట్టే: కిలోకు 0.83 గ్రాములు. 42 కిలోల అమ్మాయికి రోజుకు 35 గ్రాములు. నాలుగో నెల నుంచి దానికి 9.5, ఏడో నెల నుంచి 22 గ్రాములు కలపాలి. ఒక గుడ్డులో 6, గ్లాసు పాలలో 6, గుప్పెడు చెనక్కాయల్లో 7, మిగతాది పప్పు, అలసందలు, పెరుగు, అన్నంలో వచ్చేస్తుంది. సంక్రాంతి రోజుల్లో అయితే అనపకాయలు వస్తాయి, పితికిపప్పు చేసుకుని తృప్తిగా తినండి, గ్యాస్ పట్టకపోతేనే సుమా. పులగూర, ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. టీ, కాఫీ మాత్రం భోజనానికి గంట ముందూ గంట తర్వాతా వద్దు. సుద్ద, బలపాలు, మట్టి, పచ్చి బియ్యం తినాలనిపిస్తే దాచుకోకండి, అది చాలాసార్లు ఇనుము తక్కువైందని చెప్పే గుర్తు, డాక్టర్‌కు చెప్పి రక్తం పరీక్ష చేయించుకోండి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క.

తిరుపతి ఇళ్ళకు మాత్రమే ఉండే ఒక సంగతి, లడ్డు. వచ్చిన ప్రతి చుట్టమూ ప్రసాదం ఇచ్చిపోతారు. కాస్త చిదిపి కళ్ళకద్దుకుని తినండి, మిగతాది ఇంట్లో అందరికీ పంచండి. వికారంగా ఉంది, అదొక్కటే నిలుస్తోంది అని పూటకొకటి తింటే బరువు అక్కడే పెరుగుతుంది.

ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు రోజూ వేసుకోవాలి, మొదటి 12 వారాల్లో దీని పని చాలా పెద్దది, బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగ్గా మూసుకోవడానికి. ఐరన్ మాత్రలు నాలుగో నెల నుంచి మొదలవుతాయి, కాల్షియం కూడా అప్పటి నుంచే, ఆ రెండూ ఒకేసారి వేసుకోకూడదు. వాంతులకు మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోకండి, ఈ నెలల్లో వాడదగ్గ మాత్రలు ఉన్నాయి, డాక్టర్ రాసిస్తారు.

ఎప్పుడు పరుగెత్తాలి

కొంచెమైనా రక్తం కనిపిస్తే చూపించుకోవాలి. పొత్తికడుపులో ఒకవైపే తీవ్రంగా నొప్పి, దాంతో పాటు భుజం మొన దగ్గర నొప్పి, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోయేలా ఉండటం, ఇవి కలిసి వస్తే బిడ్డ గర్భసంచిలో కాకుండా ట్యూబులో పడిందేమోనని అనుమానించాలి, 108కి ఫోన్ చేయండి, పొద్దున చూద్దాంలే అనుకోకండి. సన్నటివాళ్ళకు ఒంట్లో రక్తం పరిమాణమే తక్కువ, లోపల రక్తం పోతే తట్టుకునే శక్తీ తక్కువ. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, మూత్రంలో మంట, ఇందాక చెప్పిన 5 శాతం బరువు తగ్గడం, ఇవి ఆ రోజే చూపించుకోవాల్సినవి.

మామూలు చెకప్‌కు మాత్రం 12 వారాల లోపే పేరు నమోదు చేయించుకోండి. ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్త తల్లీబిడ్డల కార్డు ఇస్తారు, అందులో ప్రతి విజిట్‌కూ బరువు రాసే గడి ఉంటుంది. అంకె రాయకుండా వదిలేస్తే "అక్కా, బరువు రాయండి" అని అడిగి రాయించుకోండి, మీలాంటి చిన్న మనిషికి ఆ వరసే అన్నిటికంటే ఎక్కువ చెప్తుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ పరీక్ష ఉంటుంది, 2016 నుంచి నడుస్తోంది. ఎత్తు 140 దగ్గర ఉన్నవాళ్ళు, బీఎంఐ 18.5 లోపు ఉన్నవాళ్ళు తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరు జిల్లా ఆసుపత్రి లాంటి ఆపరేషన్ సౌకర్యం ఉన్న చోట ముందు నుంచే చూపించుకుంటే చివర్లో పరుగులు ఉండవు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు మీ వాటా, మొహమాటపడకుండా తెచ్చుకోండి, తెచ్చుకున్నవి ఇంట్లో పిల్లలకు పెట్టేయకుండా మీరే తినండి.

11 నుంచి 13 వారాల మధ్య ఎన్‌టీ స్కాన్‌కు (బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే స్కాన్) వెళ్తారు. ఆ రోజే డాక్టర్‌ను ఇంకో రెండు విషయాలు అడిగి కార్డు మీద రాయించుకోండి: ఇప్పటికి నా బరువు సరిగ్గా ఉందా, ఇక్కడి నుంచి వారానికి ఎంత పెరగాలి. బీఎంఐ సరిగ్గా ఉన్నవాళ్ళకు నాలుగో నెల నుంచి వారానికి 400 గ్రాముల చుట్టూ, తక్కువ బరువు వాళ్ళకు అరకిలో చుట్టూ, ఎక్కువ బరువు వాళ్ళకు 300 గ్రాముల లోపు. వేవిళ్ళలో తగ్గిన కిలో, కిలోన్నర ఉంటే దాన్ని ఒకే నెలలో రాబట్టాలని చూడకండి, ఆకలి దానంతటదే తిరిగొస్తుంది, రెండు నెలల్లో కొంచెం కొంచెంగా కలుపుకోవచ్చు. నాలుగో నెల నుంచి రెండు చెకప్‌ల మధ్య బరువు అసలు కదలకపోయినా, వారంలో కిలో పైన పెరిగి కాళ్ళు, ముఖం వాచినా తర్వాతి తేదీ కోసం ఆగకుండా వెళ్ళండి.